పదకొండు నిమిషాల రీమౌంట్

మార్చి పదకొండు, బుధవారం ఉదయం. గ్రంథాలయపు సర్వర్ గదిలో ఉన్నది ఇద్దరే: ఆ సర్వర్‌ను తన చేతులతో అమర్చిన ఇంజనీరు, గ్రంథాలయాధికారి అయిన ఆమె పెదనాన్న కొడుకు. సర్వర్ నెమ్మదించడానికి కారణం దొరక్కపోతే మధ్యాహ్నానికల్లా దాన్ని తుక్కులో వేయించాలని ఆయన నిశ్చయించాడు.

“డిస్కును చదవడానికి మాత్రమే వీలయ్యేలా తిరిగి జోడించే ఆ రీమౌంట్ చేయమంటే పదకొండు నిమిషాలా, చెల్లాయ్? దీనికి కాలం చెల్లింది.”

“నేను చేస్తే రెప్పపాటులో అయిందన్నయ్యా. నువ్వు చేస్తేనే నత్తనడక. కమాండ్ కొట్టేముందు ఇంకేమైనా చేస్తున్నావా?”

“ఏముంది, జాగ్రత్త కోసం కేటలాగు మొత్తానికి అదే డిస్కు మీద ఒక కాపీ తీస్తాను.”

“ప్రతిసారీనా?”

“ప్రతిసారీ. తేదీ వేసి మరీ.”

ఆమె కుర్చీలో కూలబడి పగలబడి నవ్వింది.

“ఏమిటే ఆ పిచ్చినవ్వు?”

“కాపీ అయిపోయిందని తెర చెప్పినా, ఆ రాతలు చాలావరకు మెమరీలోనే ఉంటాయి మహానుభావా! అవన్నీ డిస్కు మీదికి దిగేదాకా రీమౌంట్ కదలదు. బండెడు బరువెత్తింది నువ్వు, ఎద్దు ముసలిదైపోయిందని తిట్టేదీ నువ్వే!”

“అయితే కాపీ లేకుండా కొట్టు, చూద్దాం.”

ఆమె కొట్టింది.

“అరసెకను!”

“అరసెకనా!” ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. “నివేదికలో రాయవే తల్లీ, సర్వర్ తప్పేమీ లేదని. అధికారి అతిజాగ్రత్తే ఆలస్యానికి కారణమని కూడా రాయి.”

“‘అతి’ తీసేయనా, పరువు దక్కుతుంది?”

“ఉంచు. జరిగిన నిజానికి ఆ మాటొక్కటే సాక్ష్యం.”

ఆయన కళ్లు తుడుచుకుని సంతకం చేశాడు. ఆమె ఆ కాగితాన్ని మడిచి సర్వర్ దస్త్రంలో భద్రపరచింది.