తలుపు ఎవరు తడతారు?

ఒహాయోలో ఒక చిన్న కాలేజీ. చేరేముందు కాలేజీ తిరిగి చూసి వచ్చినవాళ్ళ కారు పార్కింగులో ఆగివుంది. ముందు సీట్లలో తల్లి మార్సియా, పదకొండో తరగతి చదివే కూతురు విన్నీ. వెనక సీట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, టోపీ ముఖం మీదికి లాక్కుని, కొడుకు వెస్లీ.

"అంతమందిలో అడగాల్సిన ప్రశ్నేనా అది?"

"ఏది?"

"ఏదా! పాపం ఆ గైడు పిల్ల వెనక్కి వెనక్కి నడుస్తూ నవ్వుతూ చెప్పుకుపోతోంది, ఇది మా లైబ్రరీ, ఇవి మా బాతులు అని. నువ్వు చెయ్యెత్తి, 'ఎవరైనా మూడు రోజులు గదిలోంచి బయటికి రాకపోతే వెళ్ళి తలుపు ఎవరు తడతారు?' అన్నావు. ఆ పిల్ల వెళ్ళి చెత్తడబ్బాకి గుద్దుకుంది."

"జవాబు మాత్రం చెప్పలేదు, చూశావా?"

"నడుం పట్టుకుని ఎలా చెబుతుందే?"

"సరే. జాబితాలోంచి ఇదీ కొట్టెయ్."

"ఇది నాలుగోది, విన్నీ. నాలుగు! మొదటిదాంట్లో గదికి ఒక్కరే ఉంటారని వద్దన్నావు. లోకమంతా ఒంటరి గది కావాలని ఏడిస్తే నువ్వు వద్దని ఏడుస్తావు. మూడోదాంట్లో ఏమిటి, ఏదో ఉత్తరం..."

"ఉత్తరం కాదు, ఈమెయిలు. క్లాసుకి వారం రోజులు రాకపోతే కంప్యూటరు ఈమెయిలు పంపుతుందట. కంప్యూటరు! మనిషి కాదు."

"నీకెందుకే ఆ గొడవ? ఒక్కరోజైనా బడి ఎగ్గొట్టిన మొహమా అది? జ్వరంతో కూడా వెళ్ళి క్లాసంతటికీ అంటించి వచ్చావు."

"తెలుసుకుంటే తప్పేంటి?"

"మరి రెండోది? దాని సంగతి మాట్లాడవేం?"

"నువ్వు మాట్లాడనిచ్చావా? గుమ్మంలోనే ముక్కు మూసుకున్నావు."

"పక్కనే ఆవుల పాక పెట్టుకుంటే మూసుకోక ఏం చెయ్యను? గోడలకి రంగు ఊడిపోతోంది. డీన్ గారి స్వెటర్‌కి మోచేతుల దగ్గర చిల్లులు. అడగలేక ఊరుకున్నా గానీ, సూదీ దారం నా సంచిలోనే ఉన్నాయి."

"అక్కడ మాకరోనీ బావుంది."

"నువ్వసలు ముట్టందేగా, బావుందని ఎలా తెలుసు?"

"నేను ముట్టలేదు. వెస్లీ తిన్నాడు. రెండు పళ్ళేలు."

"చూశాను."

"రెండు పళ్ళేలు, అమ్మా."

"చూశానన్నానుగా. నేనూ ఆ బల్ల దగ్గరే ఉన్నా."

"మిగతా మూడుచోట్లా కారు దిగనివాడు అక్కడ దిగాడు."

"వాన పడుతోంది, కారు చల్లబడిపోయింది, ఆకలేసింది, దిగాడు. మెల్లిగా మాట్లాడు, వింటాడు."

"చెవులకి ఆ డిప్పలుండగా ఏం వింటాడు? అక్టోబరులో ఇంటికొచ్చిన దగ్గర్నించీ ఒక్క మాటైనా విన్నాడా?"

"అక్టోబరు మాటెత్తకు."

"నేనెత్తను. నువ్వూ ఎత్తవు. నాన్న అసలే ఎత్తడు. ఎత్తకుండానే ఆర్నెల్లయింది."

"చూడు, సోమవారం మీ కౌన్సిలర్ ఓస్గుడ్ గారికి కాలేజీల జాబితా ఇవ్వాలి. నా దగ్గరేముంది? నాలుగు పేర్లు, నాలుగు కొట్టివేతలు. తిన్నగా చెప్పు తల్లీ, నీకేం కావాలి?"

"చిన్న కాలేజీ."

"అన్నీ చిన్నవే కదే! ఇంతకంటే చిన్నదంటే మన వంటింట్లోనే చదువుకోవాలి."

"చిన్నదంటే... ఒక మనిషి ఒకపూట కనబడకపోతే ఎవరో ఒకరు 'ఏమైంది, కనబళ్ళేదే' అనేంత చిన్నది."

"నువ్వా కనబడకుండా పోయేది? డోలు మెడలో వేసుకుని వీధి వీధంతా నిద్ర లేపేదానివి!"

"ఇవన్నీ నాకోసం అడుగుతున్నాననుకున్నావా?"

"మరెవరి కోసం?"

"పోనీలే, బండి తియ్."

"తియ్యను. మరెవరి కోసమే?"

"నాకు చిన్న కాలేజీలో ఏం పనమ్మా? పెద్ద యూనివర్సిటీలో అయితే రెండువందలమంది బ్యాండుంది, స్టేడియం ఉంది. నేను అక్కడికే పోతాను. ఎనిమిదో తరగతిలోనే అనుకున్నా."

"ఏ పెద్ద యూనివర్సిటీ?"

"తెలుసుగా. అదే."

"అదేనా? వాడు పదకొండు రోజులు గదిలో... పదకొండు రోజులు, విన్నీ. పక్కగది వాళ్ళకే తెలీలేదు. మీ నాన్న వెళ్ళి బాదితే గానీ ఆ తలుపు తెరుచుకోలేదు."

"అందుకేగా అందర్నీ అడుగుతున్నా."

"కారు వెనకద్దం మీద ఆ యూనివర్సిటీ స్టిక్కర్ గీకేద్దామని ఎన్నిసార్లు బ్లేడు పట్టుకున్నానో."

"గీకకు. నాకు పనికొస్తుంది."

"నోర్ముయ్."

"నలభై వేలమందిలో పడేసినా నేను తేలతానమ్మా. వాడు తేలలేదు. అది వాడి తప్పు కాదు. చెరువు పెద్దది."

"అంటే మూడు రోజులుగా, ఆరొందల మైళ్ళు నాచేత బండి తోలించింది..."

"'నీకోసం కాలేజీలు చూద్దాం పద' అంటే కదిలేవాడా? 'చెల్లికి తోడురా' అంటే వచ్చాడు."

"నాతోనైనా చెప్పొచ్చుగా!"

"నీ మొహం చూసి కనిపెట్టేసేవాడు. పుట్టినరోజు కేకే దాచలేవు నువ్వు."

"ఓహో, తెలివి! మళ్ళీ చదువుకుంటానని వాడన్నాడా? వద్దని కూడా అన్లేదు. వాడు నోరే విప్పకపోతే నువ్వూ నేనూ ఎంచి ఏం లాభం?"

"ఏం లాభం లేదు. అడిగి అడిగి నాకూ విసుగొచ్చింది. ఇంటికి పోదాం."

"పోదాం. ముందు ఆ ఏడుపాపు."

"నేనేం ఏడవట్లేదు."

"అయితే నేనే ఏడుస్తున్నా. ఆ రుమాలిటివ్వు. నయం, వాడా డిప్పలు తియ్యలేదు."

"వీటి ఛార్జింగ్ మంగళవారమే అయిపోయింది."

"వెస్లీ?"

"రెండోది, అమ్మా. ఆవుల కాలేజీ. వడ్డించే ఆవిడ నా పేరడిగింది. మళ్ళీ పెట్టించుకోడానికి వెళ్తే, పేరు పెట్టి పిలిచింది."