ఊడిన ప్లగ్గు

షెడ్డులో బానెట్ ఎత్తిన ఎర్ర స్పోర్ట్స్ కారు ముందు మెకానిక్కూ, కారు యజమాని పెద్దాయనా నిలబడి ఉన్నారు.

"మళ్ళీ అదే గోల మేస్త్రీ. ఊళ్ళో బాగానే పోతుంది. హైవే ఎక్కి తొక్కితే పవర్ రాదు."

"స్పీడు పెరిగితే వాల్వులు ఎక్కువసేపు తెరుచుకోవాలి సార్. అప్పుడే ఇంజను గుండెనిండా గాలి పీలుస్తుంది. ఆ టైమింగు మార్చే వైరు ప్లగ్గు ఊడింది."

"మళ్ళీ ఊడిందా?"

"క్లిప్పు నొక్కి లాగితే తప్ప ఊడదు సార్ అది. ఇది మూడోసారి."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మా ఆవిడ పోయాక నాతో మాట్లాడేది నువ్వొక్కడివేనయ్యా."

"దానికి బంగారంలాంటి బండి గొంతు నొక్కాలా? ఊరికే రావచ్చుగా."

"ఊరికే వస్తే పనికి అడ్డమన్నావుగా పోయినేడు."

మెకానిక్ ఆ మాట అన్నది నిజమే. అందరినీ అలాగే కసిరాడు. ఇప్పుడు పని లేకుండా ఆ షెడ్డు గడప తొక్కేవాడు లేడు. ఇంటికెళ్తే పలకరించే దిక్కూ లేదు. మెకానిక్ మాటల మధ్యలో తాను బిగించిన ప్లగ్గును మళ్ళీ క్లిప్పు నొక్కి లాగేశాడు.

"ఈ రోగం ఒక్కరోజులో తేలేది కాదు సార్. రేపు కూడా తీసుకురండి. కుర్చీ వేసి ఉంచుతాను."