చెల్లెలి గదిలో రెండో చాప

ఎవరు, పొట్టి మేస్త్రీ గురించా? అబ్బో, నీకూ వాడే కావాలా! సరే, కూర్చో. ఊరంతా వాడి భజనే కదా. నేనూ తాపీ పట్టినవాణ్ణే నాయనా, వాడికన్నా నాలుగేళ్లు ముందే పట్టాను. నా గోడకి తూకం గుండు వేసి చూడు, వెంట్రుకవాసి తేడా ఉంటే చెవి కోసుకుంటా. అయినా నన్నెవడడిగాడు? అద్దె కట్టలేక రేపోమాపో రోడ్డున పడేవాళ్లకి వాడు గదులు కట్టేవాడు. మిల్లు వెనక బీడు స్థలం కోసం మునిసిపాలిటీవాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు. టేపు ముట్టుకునేవాడు కాదు. ఎవరి గదైతే వాళ్లనే పిలిచి, 'తల్లీ, నీ చాప పరుచుకుని పడుకో. పొయ్యి ఎక్కడ పెట్టుకుంటావు? తలుపు ఎటుంటే నీకు భయముండదు?' అనేవాడు. తేనె పూసిన గొంతులే వాడిది! వాళ్ల చుట్టూ సున్నంతో గీత గీసి, ఆ గీత మీదే గోడ లేపేవాడు. 'ఇదేం కొలతరా, గొయ్యి తవ్వడానికా?' అని అందరి ముందూ నవ్వేవాణ్ణి. కుళ్లు నాయనా, కుళ్లు. ఈ వయసులో దాచుకోవడమెందుకు?

మా చెల్లెలు ఉండేది, నువ్వెరగవు. మొగుడు పోయిన రెండు నెలలకే ఇంటాయన దాని సామాన్లు బయట పడేశాడు. నా ఇంట్లో పెట్టుకుందామంటే మీ నాయనమ్మకీ దానికీ క్షణం పడదు. 'అన్నయ్యా, మేస్త్రీగారిని ఒక్క మాట అడగవూ' అంది. వాణ్ణా, నేనా, అడగడమా? 'ఆర్నెల్లాగు, నేనే కడతా' అన్నాను. ఏం కట్టానూ, నా మొహం! ఆర్నెల్లూ అది బడి వరండాలో పడుకుంది. చివరికి అదే వెళ్లి అడిగింది. గీత గీసే రోజు నేను మిల్లు గోడ చాటున నిలబడి చూశాను. చాప పరుచుకుని పడుకుంది. మళ్లీ లేచి, పక్కనే ఇంకో చాప పరిచింది. 'ఇదెవరికమ్మా?' అన్నాడు వాడు. 'మా అన్నయ్యకండీ. ఎప్పుడో వస్తాడు కదా.' వాడు గీత ఇంకో మూడడుగులు జరిపాడు.

పదకొండేళ్లుంది ఆ గదిలో. నేను గుమ్మం తొక్కితే ఒట్టు. వాడు కట్టిన గోడ కదా మరి! వాడు పోయాడు, ఏడాది తిరక్కుండా ఇదీ పోయింది. సామాన్లు తెద్దామని అప్పుడు వెళ్లాను. పెట్టెలూ బిందెలూ అన్నీ ఒక మూల ఒకదాని మీదొకటి పేర్చుకుంది. ఆ మూడడుగులూ మాత్రం ఊడ్చి, ఖాళీగా ఉంచింది.

...ఆ కిటికీ వెయ్యి నాయనా, చలిగాలి కొడుతోంది.