సింహళం ప్లీడరుకు గుండీ కుట్టిన దేవేంద్రప్ప

కర్నూలు బండి ఇంకా రాలేదు. డోన్ స్టేషను బయట శేషన్న టీ అంగట్లో కూర్చున్న దేవేంద్రప్ప మాత్రం అప్పటికే కొలంబో చేరిపోయాడు.

"పెద్ద పనేం చెయ్యలేదప్పా నేను. ఆ సింహళం ప్లీడరు నల్లకోటుకు ఒక గుండీ కుట్టినా, అంతే."

బల్ల చివర నాగక్క ఒదిగి కూర్చుంది. బేతంచెర్ల గనిలో నాపరాళ్లు మోసే మనిషి. మొగుడు ఇంకొకామెను తెచ్చుకుని ఈమెను తన్ని బయటికి తోశాడు. ఈ పొద్దు కర్నూలు కోర్టులో ఆమె మనోవర్తి దావా విచారణ. జడ్జీ అడిగితే నీ నోటితో నువ్వే చెప్పాలన్నాడు ఆమె ప్లీడరు. నోరు పెగలదేమోనని ఆమె భయం. "నువ్వు ఊరకుండమ్మీ, నీ మాట నేను చెప్తా. లంకలో ఒక ప్లీడరునే మంత్రిని చేసినోన్ని," అంటూ వరుసకు చిన్నాయన అయిన దేవేంద్రప్ప వెంట బయల్దేరాడు. ఆయన్ను జడ్జీ ముందర నిలబెట్టాలా వద్దా? బండి వచ్చేలోగా తేల్చుకోవాలి. అందుకే ఆమె ఒక్క ముక్క పోనీయకుండా వింటోంది.

"ఆ గుండీ ఊడితే మా ప్లీడరు వీరరత్న దొరకు వాదనే రాదు. గోనెసంచి దారం పెట్టి బిగిచ్చి కుట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొర ఊపిరి బిగబట్టి ఒక్క అరుపు అరిస్తే కోర్టు బయటుండే టెంకాయలన్నీ రాలిపాయ. గుండీ మాత్రం కదల్లా!"

"ఎవురి నెత్తినా పడలేదా కాయలు?" అన్నాడు లారీలకు రాళ్లెత్తే సుంకన్న.

"ఎందుకు పడల్యా? ఎదుటి ప్లీడరు నెత్తినే పడె. కేసు సగం ఆడనే గెలిస్తిమి."

"అది సరేప్పా, ఆ దేశం భాష నీకెట్ల వచ్చె?" అన్నాడు శేషన్న, టీ వడగడుతూ.

"ఆడనే ఉండాది చూడు! సింహళంలో గూడా ఔ అంటే ఔనే. మన మాటే. ఆ ఒక్కదాంతో దీవంతా తిరిగినా. అన్నం తింటావా? ఔ. నువ్వు దొంగవా? ఔ."

"కాదనాలంటే ఏమంటారు?"

"నాకా పని పడలేదప్పా."

నాగక్కకు తల తిరిగింది. దొర ప్లీడరా, మంత్రా, మంత్రగాడా? "ఏం కేసు చిన్నాయనా అది?" అని అడిగింది.

"నీ మాదిరి కేసే అమ్మీ! టీ తోటల్లో పనికి పోయిన మన తెలుగామె. మొగుడు తన్ని తరిమినాడు."

ఆమెకు ప్రాణం లేచివచ్చింది. "దొర ఆ యమ్మ పక్కనేనా?"

"యా పక్కనో నీకెందుకు, ఇనుకో. ఆ కేసుతో దొర పేరు మోగిపాయ. మొగోళ్లంతా భుజాలమీద ఎత్తుకోని పోయి ఎలక్షన్లో నిలబెట్టినారు. ఏనుగులు వచ్చి ఓట్లేసె, ఏనుగుకొకటి, తొండానికి ఇంకొకటి. పెట్టెలు చాల్లేదని పడవల్లో నింపితే పడవలు మునిగె. సముద్రంమీద తేలే ఓట్లమీద నడుచుకుంటా నేను రామేశ్వరం వస్తి! దొర మంత్రాయె. అదీ చాలక మేఘాలకు గూడా అధికారాయె. ఆయన సంతకం లేంది మేఘం లంక దాటదు. మన సీమకు వాన ఎందుకు రాలేదనుకుంటివి?"

సుంకన్న పగలబడి నవ్వాడు. నాగక్క నవ్వలేదు. మొగవాళ్ల కథల్లో ఆడది కేసు గెలిచేదాకా ఉంటుంది. ఊరేగింపు మొదలైతే కనబడదు. ఆమె ఆ కనబడని మనిషి కోసమే వెతుకుతోంది.

"ఆ యమ్మకు ఏమొచ్చె చిన్నాయనా?"

"యా యమ్మకు?"

"కేసు యమ్మకు."

"ఆ యమ్మా..." దేవేంద్రప్ప గ్లాసులోకి చూశాడు. "బాగుండాదిలే. మొగుని ఇంటికి పోయె."

"తన్నినోని ఇంటికా! ఎవురు పొమ్మన్యారు?"

"జడ్జీకి తెలుగు రాదు గదా. మొగునితో పోతాదా అని దుబాసీగా నన్నే అడిగె."

"నువ్వేమంటివి?"

పొయ్యిమీద టీ పొంగింది. శేషన్న దించడం మరిచాడు. నాగక్క లేచి నిలబడింది.

"నీకు వచ్చేది ఒక్క మాట. ఆ యమ్మ పోనని ఏడుస్తాంటే పక్కనుండి ఔ అంటివి. దాంతోనే గదా మొగుని పక్కనుండే నీ దొర గెలిచింది?"

దేవేంద్రప్ప గ్లాసు బల్లమీద పెట్టేశాడు. "అట్ల చూస్తావేం అమ్మీ! నేను ధనుష్కోటి దాటితే గదా! లంక యాడుండాదో ఎవురికి తెలుసు?"

"లంకకు పోకుండానే ఒకామెను తన్నినోని ఇంటికి తోలితివి," అంది నాగక్క మూట చంకనెత్తుకుంటూ. "నిజంగా కోర్టుకొస్తే నన్ను యాడికి తోల్తావో! కూచో. నా మాట నేనే చెప్పుకుంటా."

బండి వచ్చింది. నాగక్క ఆడవాళ్ల పెట్టె చూసుకుని మరీ ఎక్కింది.