చుక్క నీళ్ళు రాని ఇల్లు

వాగు గట్టు మీద ఇల్లు. వరద తీసిన మర్నాడు పొద్దున, తల్లీ కూతురూ తాళం తీసి లోపలికి వచ్చారు.

“చూశావా, గడప కూడా తడవలేదు.”

“చూశాను. చెప్పులు బయటే విడిచెయ్యమ్మా, బురద.”

“మన వీధిలో బురద ఎక్కడుంది? ఇది మీ పిన్ని వాళ్ళ వీధి బురద.”

“సరే, కాసేపు కూర్చో. రాత్రి నుంచి నిలబడే ఉన్నావు.”

“బకెట్లో నానేసిన బట్టలు నానేసినట్టే ఉన్నాయి. ఇన్నేళ్ళూ మబ్బు పట్టినప్పుడల్లా ఈ ఇంట్లో గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఇంట్లోకి చుక్క రాలేదు. ఎలా రాలేదు?”

“చెప్పారు కదమ్మా. పైన మలుపు దగ్గర వాగు మీద స్లాబు వేసి కార్లు పెట్టుకుంటున్నారు చూడు, దాని కింద చెట్లూ పరుపులూ అడ్డం పడ్డాయట. నీళ్ళు కిందికి పోలేక రోడ్డెక్కాయి. రోడ్డు పట్టుకుని బస్టాండు, అక్కణ్ణుంచి సినిమాహాలు వీధి, అక్కణ్ణుంచి బజారు. అన్నిటికంటే పల్లం బజారే కదా. మన దగ్గరికి వచ్చేసరికి వాగులో నీళ్ళే లేవు.”

“వాగుకి దూరంగా ఉన్నవాళ్ళింట్లోకి వెళ్ళింది వాగు.”

“ఊఁ.”

“దూరమనే కదా నేను పంపించాను.”

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?”

“వద్దన్నారు ఆయన. కాలికి ప్లాస్టరు పెట్టుకుని ఎక్కడికే నేను, అన్నారు. నీ భయానికి నన్ను మూట కట్టి పంపిస్తున్నావ్, అన్నారు. ఆటో అతను నవ్వాడు కూడా.”

“నాన్న ఎప్పుడూ అలాగే అనేవా... అంటాడు కదా.”

“వాన వస్తుందో రాదో వాతావరణం వాళ్ళు మీ అమ్మకే ఫోను చేసి కనుక్కుంటారు, అనేవారు.”

“పిన్నితో కూడా అన్నాడట. మీ అక్క పంపించింది కాబట్టి ఈరోజు ఎండ కాస్తుంది చూడు, అని.”

“ఎప్పుడంది పిన్ని?”

“మొన్న... మొన్న సాయంత్రం.”

“నీ ఫోను మోగుతోంది.”

“మోగనీ.”

“ఎవరు?”

“పిన్నే. తర్వాత చేస్తాలే, ఇక్కడ సిగ్నల్ లేదు.”

“సిగ్నల్ లేకపోతే మోగిందెలా?”

“వచ్చిపోతోందమ్మా.”

“సరే, మానెయ్. ఆ చీపురు అందుకో.”

“చీపురెందుకు? ఇల్లు శుభ్రంగానే ఉంది కదా.”

“ముందుగది ఊడువ్. ఆ మంచం ఎత్తి గోడకి నిలబెట్టు. కుట్టుమిషను వంటింట్లోకి లాగుదాం.”

“ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ!”

“మీ నాన్న వస్తారు. దారి ఉండొద్దూ?”

“అమ్మా, ఒక్క నిమిషం కూర్చో. నీతో ఒక మాట—”

“కింద చూసుకో, పెడలు కాలి మీద పడుతుంది.”

“అమ్మా—”

“నువ్వటు పట్టు. నేనిటు. నెమ్మదిగా... తలుపుకి తగులుతోంది, కొంచెం తిప్పు. ఆఁ, వచ్చింది. ఇంకేదో అన్నావు?”

“ఏం లేదు. బాబాయి తప్పేం లేదు అంటున్నాను.”

“తప్పని ఎవరన్నారు?”

“ఆ రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెంచుకుంటూ పోయారు. పిన్ని వాళ్ళిల్లు రోడ్డు కంటే కిందికి పోయింది. బాబాయి నాన్నని బల్ల మీద కూర్చోబెట్టి నిచ్చెన కోసం పక్కింటికి వెళ్ళాడు. వచ్చేసరికి వెనక తలుపు లేదు, బల్లా లేదు...”

“తెలుసు. నిన్ననే చెప్పారు.”

“ఇంకా వెతుకుతున్నారమ్మా. వరదకి స్కూల్లో తలదాచుకున్నవాళ్ళందరి దగ్గరా అడుగుతున్నారు. ఎవరైనా మేడ మీదికి లాగేసి ఉండొచ్చు. ఆ గోలలో—”

“అవును. ఉండొచ్చు.”

“నువ్వు ఏడవట్లేదేమ్మా?”

“గ్లాసు పగిలితేనే ఏడ్చేదాన్ని కదూ. ఏమో. రావట్లేదు. ఆ తీగ మీద బట్టలు కూడా తీసెయ్, తలకి తగులుతాయి.”

“ఎవరి తలకి?”

“తియ్యి ముందు. పొద్దున మంచినీళ్ళ లైన్లో, నిన్న పడవ మీద వెతికిన అతను నన్ను పలకరించాడు.”

“ఏమన్నాడు?”

“మీ ఆయనకి ప్లాస్టరు ఏ కాలికి, అన్నాడు. ఎడమ కాలికి అన్నాను. వాన కదా, తడవకూడదని పైన నీలం కవరు చుట్టి లంగా నాడాతో కట్టాను, అది కూడా చెప్పాను.”

“అతను ఎందుకడిగాడు?”

“వెతకాలంటే గుర్తు కావాలి కదా.”

“ఇంకేమైనా అన్నాడా?”

“ఏమీ అనలేదు. నా బిందె తీసుకుని, లైన్లో అందరికంటే ముందు నింపి ఇచ్చాడు. ఎవరూ పోట్లాడలేదు కూడా.”

“అమ్మా, నేను నీకు చెప్పాలి. దారిలోనే చెబుదామనుకున్నాను, నాకు నోరు రాలేదు.”

“మూల కూడా ఊడువ్. అక్కడ దారం ముక్కలు ఉంటాయి.”

“ఊడుస్తాను.”

“చాప పరుచు. చిరిగింది కాదు, రెండోది. ఇక వీధి గుమ్మానికి ఆ రెండో తలుపు రెక్క గడియ కూడా తీసెయ్.”

“అది బిగుసుకుపోయింది. బీరువా తెచ్చినరోజు తప్ప ఎప్పుడూ తియ్యలేదు. నాన్న ఒక్కడే కదమ్మా, ఒక తలుపు చాలదూ?”

“చాలదమ్మా, నలుగురు మోసుకొస్తారు. గడియ నేను తీస్తాను, నువ్వు మీ పిన్ని ఫోను ఎత్తు. ఇక్కడికే తీసుకురమ్మను. పడుకోబెట్టడానికి తడవని నేల మన ఇంట్లోనే ఉంది.”