గింజ రంగు

రంగేంటి వదినా రంగు! రంగు తింటామా? ఆ మొక్కజొన్న రొట్టె పశువుల దాణాలా ఉందట. మీ నాన్నగారే అన్నారు, కంచం ముందు కూర్చుని.

కాస్త ఆ తలుపు దగ్గరికి వెయ్యి. అత్తయ్య పెరట్లోనే ఉంది.

నువ్వు అత్తారింట్లో ఉంటావు, నీకెలా తెలుస్తుంది! నా కూతురికి పొద్దు వాలితే చూపు ఆనేది కాదు. ఆడుకుంటున్న పిల్ల ఉన్నచోటే చతికిలబడేది. అమ్మా, ఎక్కడున్నావే అనేది. నేను పక్కనే ఉండేదాన్ని వదినా! ముద్ద దిగుతుందా చెప్పు?

రేచీకటి అంది నర్సమ్మ. చుక్కల మందు వేసింది. విత్తనాల ఆఫీసులో కొత్తరకం మొక్కజొన్న ఇస్తున్నారు, నారింజ రంగు గింజ, కంటికి మంచిదని ఆవిడే చెప్పింది. మీ తమ్ముణ్ణి బతిమాలి చేను మూలన వేయించాను. జావ కాచాను, రొట్టె చేశాను, విత్తనానికి కాసిని దాచి, మిగతా పంటంతా పిల్లకే పెట్టాను. ఓ సాయంత్రం, మసక చీకట్లో, కోడిపిల్లల వెనక పరుగెత్తింది! గడపలో కూర్చుని ఏడ్చానో నవ్వానో నాకే తెలీదు.

మందు వల్లే అంటావా? అయ్యుండొచ్చు. ఆ మందు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు రాదో. చేను మన చేతిలో ఉంది కదా అనుకున్నాను.

మన చేతిలో! రంగు గింజ కలిస్తే సరుకంతా వద్దన్నాడట పంట కొనే మిల్లాయన. ఇంకేం, ఈసారి చేనంతా తెల్ల మొక్కజొన్నే అన్నారు మీ నాన్నగారు. మీ తమ్ముడా? తెల్ల విత్తనాల బస్తా మోసుకొచ్చాడు. పుట్టింటికి పోదామంటే అక్కడా తెల్లదే. ఎక్కడికి పోను?

అందుకే... ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి. సరే, వద్దులే. పురుగు పట్టకుండా విత్తనాలకి మందు పట్టించింది నేనే కదా. దాచుకున్న నారింజ గింజలు వాటిలో కలిపేశాను. ఆ గులాబీ రంగు మందు అంటుకున్నాక ఏది ఏదో ఎవరు పోల్చగలరు?

మొలిచాయి. చేనంతా ఒకే పచ్చ. మీ నాన్నగారు మురిసిపోతున్నారు. గాలికి పుప్పొడి చేరి తెల్ల పొత్తుల్లోనూ రంగు గింజలు పడతాయట. విత్తనాలాయన ఆ మాట ఇప్పుడా చెప్పడం! పొద్దున పీకేద్దామని వెళ్లి, గట్టు మీద నిలబడి వచ్చేశాను.

అలా చూడకు వదినా. మీ నాన్నకి చెప్తావా? చెప్పుకో. ఏ మొక్క పీకాలో మాత్రం నన్నడక్కండి.