పొడిగా మింగిన చైనా మందు

నరసరావుపేట, ఆసుపత్రి వరండా. లోపల మంచం మీద మాచర్ల నాపరాళ్ళ ఫ్యాక్టరీ కూలీ కోటేశ్వరి. బయట నర్సు అబిద, కోటేశ్వరిని తీసుకొచ్చిన ఆడకూలీల మేస్త్రి సుబ్బులమ్మ.

“ఏం తినిందో చెప్పకపోతే డాక్టరుగారు మాత్రం ఏం చేస్తారు పిన్నీ?”

“అన్నమే తినింది అబిదమ్మా. గోంగూర కలుపుకుంది.”

“గోంగూరకి కిడ్నీలు పోతే పల్నాడంతా ఈడే పడుండాలి. రెండ్రోజుల్నుంచి ఆ పిల్లకి ఒంటికి రాలేదు. ఒళ్ళంతా నీరు పట్టింది. ఏం మింగింది?”

“మంటగా ఉందని చానా నాళ్ళుగా అంటానే ఉంది.”

“దానికేం వాడింది?”

“అందరం వాడిందే.”

“అందరం అంటే?”

“పద్నాలుగు మందిమి. చైనా మందు. ఓనరు ప్రభాకరరావు పాలిషింగ్ మిషన్లు కొనటానికి చైనా పోయాడు గదా, పెట్టెడు పొట్లాలు తెచ్చాడు. ఏవో ఆకులు, వేళ్ళు దంచిన పొడి. ఒంటికి పోయేటప్పుడు మంటకీ, కడుపుబ్బరానికీ వాళ్ళ తాతల నాటి మందంట. పొద్దున్నే తలా ఒకటి ఇయ్యమన్నాడు.”

“ఎవర్ని ఇయ్యమన్నాడు?”

“ఇయ్యమన్నాడు. ఇచ్చారు.”

“పొట్లం ఉందా? ఏదీ… ఈ బొమ్మ చూడు. పొడి, పక్కన నీళ్ళ సీసా, గ్లాసులు. బాగా నీళ్ళు తాగాలని. ఎన్ని తాగింది?”

“తాగలా.”

“అసలు?”

“నాలిక మీద పోసుకుని మింగేది. అందరం అంతే. తాగితే ఒంటికి రాదా? వస్తే ఏడికి పోవాల? రోడ్డు మీద లారీవోళ్ళు. పక్క మిరపచేలోకి పోతే రైతు కర్రేసుకుని వస్తాడు. పొద్దున ఏడింటికి బిగబట్టుకుంటే మళ్ళా ఇంటికాడే.”

“ఆ ఎండలో, ఆ దుమ్ములో, చుక్క నీళ్ళు లేకుండా ఈ మందు. ఎన్నాళ్ళు?”

“అయిదు నెలలు.”

“ఇదేందని ఒక్కరూ అడగలా?”

“కోటేశ్వరి అడిగింది. నీళ్ళు తాగకే గదా మంట, మందెందుకు, మరుగుదొడ్డి చూపించమని ఓనరు మొహానే అనింది. ఆయన నవ్వి, దీనికి రోజూ రెండు పొట్లాలియ్యండి అన్నాడు.”

“ఇచ్చారా రెండు?”

“ఇచ్చా.”

“నువ్వా?”

“మేస్త్రిని గదా.”

“పద, డాక్టరుగారికి చెప్పు. ఆ పిల్లకి డయాలసిస్ పెట్టాలంటున్నారు. నీతో కలిపి మిగతా పదమూడు మందికీ పరీక్ష చెయ్యాల.”

“చెప్తా. పద.”

“ఆగు. మీ ఫ్యాక్టరీ తనిఖీకి ఆఫీసరు వచ్చిపోయాడంట గదా. ఆడోళ్ళకి దొడ్డి లేకపోతే ఎట్టా ఒప్పుకున్నాడు?”

“ఉంది.”

“ఏందీ?”

“దొడ్డి ఉందమ్మా. బండలేసి శుభ్రంగా కట్టించాడు. ఆఫీసరు ఫొటో తీసుకున్నాడు. ఆయన కారు కదలంగానే తాళం పడింది. ఆడోళ్ళు మాటిమాటికీ లేస్తే మిషన్లు ఆగిపోతాయంట.”

“తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

“దార్లో కోటేశ్వరీ అదే అడిగింది.”

“ఎవరి దగ్గర పిన్నీ?”

“నా బొడ్లో. ఇదిగో.”